తారు కింద ఉన్ని

ముదిగుబ్బ అవతలి తోట నుండి,
జూన్ మొదటి వారం

అక్కా,

ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజీ పెడితే నువ్వు చూడవు. అందుకని మళ్ళీ కాగితం, కలం. మడకశిరలో నువ్వూ నీ పట్టుపురుగులూ చల్లగా ఉన్నారనే అనుకుంటున్నాను.

పెద్ద పని ఒకటి దొరికింది. ధర్మవరం షాపు నీ మరదలికి అప్పజెప్పి, కుట్టుమిషన్ను ఆటోలో వేసుకుని వచ్చి ఇక్కడ పడ్డాను. ముదిగుబ్బ దాటాక రోడ్డు వదిలి, మట్టి దారిలో బాగా లోపలికి రావాలి. చుట్టూ గుట్టలు, విత్తనం పడని చేలు. తోట అని పేరే గానీ ఎండిపోయిన చీనీ చెట్లు తప్ప ఏమీ లేవు. యజమాని లక్ష్మీపతి గారు ఒకప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట కూడా పోయింది. పగలంతా వరండాలో మంచం మీదే ఉంటాడు.

కొడుకు రాఘవేంద్రకు బెంగళూరులో వ్యాపారం. తండ్రిని చూసుకోవడానికి వచ్చి, తోటంతా తిరుగుతుంటే వెనక ఒక కొట్టం కనిపించిందట. తలుపు ఉండాల్సిన చోట ఇటుక గోడ. పగలగొట్టి చూస్తే లోపల పాత అంబాసిడర్. నంబరు ప్లేటు లేదు, కాగితాలు లేవు. తండ్రి ఎప్పుడో ముచ్చటపడి కొని దాచుకున్నాడని కొడుకుకు ఒకటే సంబరం. బెంగళూరులో పాత కార్లన్నీ ఊరేగిస్తారట, అందులో తిప్పాలని కోరిక. ఇంజను పని చేసి మెకానిక్ వెళ్ళిపోయాడు. లోపలి పని నాది.

"మాస్టరూ, కింద కార్పెట్ కాడి నుంచి పైన గుడ్డ దాకా పాతది ఒక పోగు గూడా మిగలగూడదు" అన్నాడు రాఘవేంద్ర. మనిషి మంచివాడే. తాను తాగే టీ నాకూ తెచ్చిస్తాడు.

సీట్లు విప్పాను. ఎలుకలు ఫోమ్ అంతా కొరికి పిండి చేశాయి. పైకప్పు గుడ్డ ముట్టుకుంటే రాలిపోతోంది. ఇదంతా మామూలే. మామూలు కానిది ఒక్కటి. నేను కారు తలుపు వేసినప్పుడల్లా వరండాలో ఆ పెద్దాయన మూలుగుతాడు. "చూసినావా, నాయనకు ఎంత సంతోషంగా ఉండాదో" అని కొడుకు నవ్వుతాడు. నాకది సంతోషంలా వినిపించలేదు.

ఇక్కడ ఓబన్న అని ముసలి జీతగాడు ఒకడున్నాడు. నాకు అన్నం తెస్తాడు గానీ కొట్టం లోపల కాలు పెట్టడు. గడప బయటే తట్ట పెట్టి పోతాడు.

నీ తమ్ముడు
హరినాథ్


మడకశిర,
జూన్ రెండో వారం

హరీ,

నీ ఉత్తరం చేరింది. మృగశిర కార్తె వచ్చింది గానీ ఇక్కడా చినుకు లేదు. బోరు రోజు విడిచి రోజు నీళ్ళు ఇస్తోంది. మల్బరీ ఆకు పలచబడింది. పురుగులు ఆకు తినేటప్పుడు వాన కురిసినట్టు సద్దు వస్తుందంటారు కదా, ఆ సద్దే ఇప్పుడు మా ఊళ్ళో వాన అని పక్కింటామె కాగితం మీద రాసి చూపించింది. నాకు ఆ వాన కూడా లేదు చూడు.

నీ పని సంగతి చదివితే సంతోషంగానే ఉంది. వేళకు తిను. ఆ అతికించే సొల్యూషన్ డబ్బా మూసి పెట్టుకో, వాసనకు నీకు తలనొప్పి వస్తుంది. చిన్నప్పుడు సూది గుచ్చుకుని ఏడ్చి వేలు నా నోట్లో పెట్టేవాడివి, ఇప్పుడు మాస్టరు అయ్యావు.

ఒక్క మాట. బండిని దాచుకునేవాళ్ళు తలుపు పెట్టి తాళం వేస్తారు. గోడ కట్టరు. మళ్ళీ తీయకూడదు అనుకున్నదానికే గోడ కడతారు. నీకెందుకు, నువ్వు నీ పని చూసుకో. ఏమీ అడగొద్దు.

అక్క
అరుణజ్యోతి


తోట నుండి,
జూన్ చివర

అక్కా,

ఏమీ అడగొద్దన్నావు. అడగలేదు. కానీ అడుగు రేకు గీకకుండా కార్పెట్ పరిస్తే అది పనే కాదు కదా.

ముందు సీట్ల కింద ఉన్నది కారుతో వచ్చిన కార్పెట్. డ్రైవరు మడమ ఆనేచోట గుండ్రంగా అరిగి ఉంది. వెనక సీటు కింద ఉన్నది వేరే. రంగు కలవలేదు, అంచు కత్తెరతో కోసినట్టు లేదు, కొడవలితో కోసినట్టుంది. దాన్ని లాగితే కింద ఉండాల్సిన ఫెల్టు పొర లేదు. తారు ఉంది. రోడ్డు మీద పోసే తారు, అక్కా. రేకు కనపడకుండా మందంగా పోశారు. ఇన్నేళ్ళలో ఎన్నో కార్లు విప్పాను గానీ కారులో తారు పోసినవాణ్ణి చూడలేదు.

బ్లోయర్‌తో వేడి చేసి కొంచెం కొంచెంగా గీకాను. తారుకు అంటుకుని నల్ల ఉన్ని వచ్చింది. గొర్రెల కాపరులు కప్పుకునే కంబళి ఉంటుందే, ఆ ఉన్ని. గుప్పెడు కాదు, సీటు పొడుగునా ఉంది. ఉన్ని కింద రేకు ఎర్రగా ఉంది. తుప్పు అనుకున్నాను. తుప్పు గీకితే పొడి రాలుతుంది, ఇది పొరలుగా లేచింది.

రాఘవేంద్రకు చూపించాను. "గొర్రెలను తోలినారేమో మాస్టరూ, కరువులో దేంట్లో ఏం తోలినారో ఎవురికి ఎరక" అని నవ్వేశాడు. ఓబన్న మాత్రం ఆ రోజు మొదటిసారి కొట్టంలోకి వచ్చాడు. నా చేతిలో ఉన్ని చూశాడు. "గీకొద్దప్పా. దానిమీద కార్పెట్ పరిచి, నీ మిషన్ ఎత్తుకోని పో" అన్నాడు. బెదిరించాడో బతిమాలాడో నాకు అర్థం కాలేదు. కారును మాత్రం ముట్టుకోలేదు. పగలగొట్టిన ఇటుక గోడ అంచు పట్టుకుని బయటికి పోయాడు.

అక్కా, ఒకటి అడుగుతాను. నేను పని నేర్చుకునే రోజుల్లో బావ కారు డోర్లకు రెక్సిన్ కుట్టాను కదా. ఆ దారం ఏ రంగు? ఊరికే అడుగుతున్నాను.

హరి


మడకశిర,
జూలై మొదట్లో

హరీ,

ఊరికే అడుగుతున్నానని రాశావు. ఇరవై ఏళ్ళు దాటాక ఎవరూ ఊరికే అడగరు.

ఆ మనిషి పేరు నా దగ్గర ఎత్తొద్దని నీకూ, అమ్మకూ, అందరికీ ఎప్పుడో చెప్పాను. మగ్గం ఇష్టం లేదని రామాంజులు శెట్టి దగ్గర డ్రైవరుగా చేరాడు. శెట్టి చీరలతో పాటు తన కారు కూడా నమ్మి ఆయన చేతిలో పెట్టాడు. ఆ కరువు ఏడు, పొలాల్లో వేరుశనగ మొలిచినట్టే మొలిచి మాడిపోయిన కాలం, ఒక సాయంత్రం ఎవరో బాడుగకు పిలిచారని వెళ్ళాడు. నాతో చెప్పింది ఒక్కటే మాట, "అన్నం మూత పెట్టు, వచ్చి తింటా." రాలేదు. కారూ రాలేదు. నా కారు ఎత్తుకుపోయాడని శెట్టి స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాడు. బళ్ళారిలో ఎవతితోనో చూశామని ఒకరు, హుబ్లీలో కారు అమ్మేశాడని ఇంకొకరు. నేను బొట్టు పెట్టుకుంటే నవ్వేవాళ్ళు, తీసేస్తే తిట్టేవాళ్ళు. ఆ దిగులుతో పట్టిన జ్వరంలోనే నా చెవులు పోయాయి. మంచిదే అయింది. ఆ మాటలు వినే పని తప్పింది.

ధర్మవరంలో ఉండలేక ఈ ఊరు వచ్చి పురుగులు పెంచుకుంటున్నాను. దొంగ పెళ్ళాం అని ఇక్కడెవరికీ తెలియదు. నువ్వు మళ్ళీ తవ్వుతున్నావు.

మెరూన్. శెట్టి మగ్గం మీద మిగిలిన పట్టు దారం. రెక్సిన్ను పట్టు దారంతో కుడతారా అని షాపాయన నిన్ను తిట్టాడు. డ్రైవరు పక్క తలుపుకు కింది మూల తిప్పడం రాక రెండు కుట్లు దాటేశావు. విప్పి మళ్ళీ కుడతానంటే ఆయన విప్పనివ్వలేదు. మా బామ్మర్ది మొదటి కుట్టు, ఉండనీ అన్నాడు.

ఇప్పుడు చెప్పు. ఎందుకు అడిగావు?

అరుణ


తోట నుండి,
జూలై రెండో వారం

అక్కా,

కూర్చుని చదువు.

డోర్ ప్యాడ్ మట్టి తుడిస్తే మెరూన్ దారం బయటపడింది. మొన్న ఉత్తరం రాసేటప్పటికే చూశాను, నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక నిన్ను అడిగాను. పట్టు దారం. డ్రైవరు పక్క కింది మూల రెండు కుట్లు లేవు. అది నా చేతి పని, అక్కా. ఇది బావ కారు. బళ్ళారికి పోలేదు, హుబ్లీకి పోలేదు. ధర్మవరం నుంచి గంట దూరం కూడా లేని చోట ఇన్నేళ్ళూ గోడ వెనక ఉంది.

కారు ఇక్కడ ఉంటే బావ ఎక్కడ?

తట్టుకోలేక ఒక తప్పు చేశాను. రాఘవేంద్రను అడిగాను, "ఈ కారు మీ నాయన ఎవరి కాడ కొన్నాడన్నా?" అని. ఆయన వెళ్ళి తండ్రి మంచం దగ్గర కూర్చున్నాడు. ఏదో అడిగాడు. పెద్దాయన ఎడమ చెయ్యి లేచింది. కొట్టం వైపు చూపించలేదు. కొట్టం పక్కన ఉన్న ఖాళీ దిబ్బ వైపు చూపించింది. కొడుకు చాలాసేపు ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తిరిగి వచ్చినప్పుడు అది వేరే ముఖం.

"మాస్టరూ, ఫోన్ ఒకసారి ఇయ్యి. ఫోటోలు తీసినావంట కదా" అన్నాడు. తీసుకున్నాడు, తిరిగి ఇవ్వలేదు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే తానే చేసి, స్పీకర్ పెట్టి, పక్కనే నిలబడతాడు. గేటుకు తాళం పడింది. "పని అయినాక నేనే కార్లో దింపొస్తా. అంతవరకు ఈడే ఉండు. తారు తియ్యొద్దు. కార్పెట్ పరిచెయ్, సాలు." గొంతు పెంచలేదు. టీ ఇప్పటికీ తెస్తాడు. నేను తాగేదాకా చూస్తూ నిలబడతాడు.

ఆ దిబ్బ ఏమిటని ఓబన్నను అడిగాను. తట్ట గడప బయట పెడుతూ అన్నాడు, "ఆడ బాయి ఉండె. కరువేడు పూడ్సినారు."

అక్కా, మన సీమలో ఎండిన బావిని ఎవరైనా పూడుస్తారా? ఎన్నేళ్ళు ఎండినా వాన పడితే ఊట వస్తుందని అట్లాగే ఉంచుతారు. కరువులో బావి లోతు తవ్వుతారు, పూడ్చరు.

ఈ ఉత్తరం ఓబన్న చేతికే ఇస్తున్నాను. పోస్టులో వేస్తాడో, రాఘవేంద్రకు ఇస్తాడో తెలియదు. నీకు చేరితే ఆ మనిషిని నమ్మొచ్చని అర్థం.

హరి


మడకశిర,
జూలై మూడో వారం

హరీ, నా తండ్రీ,

చేరింది.

ఉత్తరం చదివి పురుగుల తట్టల మధ్య నేల మీద కూర్చుండిపోయాను. ఆకు వెయ్యాల్సిన వేళ దాటిపోయింది, లేవలేదు. ఇన్నేళ్ళూ రోజూ తిట్టుకున్న మనిషిని ఇప్పుడు ఏమని పిలవాలి? అన్నం మూత పెట్టు అన్నాడు. నేను ఆ అన్నం పొద్దున కుక్కకు వేశాను, శాపనార్థాలు పెడుతూ.

అదంతా తర్వాత. నువ్వు బయటికి రా. మిషన్ వదిలెయ్, సామాన్లు వదిలెయ్. గేటు తాళం వేస్తే కంచె దూకు. పగలు దూకు, రోడ్డు మీద బస్సులు తిరిగే వేళ. ఆ ఇంట్లో టీ తాగొద్దు. ఆ కారు మీ బావదని తెలిసినట్టు కనపడొద్దు. ఒకరిని పోగొట్టుకున్నాను, నిన్ను పోగొట్టుకోలేను. నాకు కావలసింది నిజం కాదు, నువ్వు.

అక్క


మడకశిర,
జూలై చివర

చిరంజీవి హరినాథ్‌కు,

పని ఎంతవరకు వచ్చింది? పెద్దల ఇంట్లో పని దొరికింది, మనసు పెట్టి చెయ్యి. అనవసరమైన సంగతులు తవ్వొద్దు. మీ బావ దొంగ అని ఊరంతా ఎరుగుదురు. కారు ఎత్తుకుపోయిన మనిషి కోసం మనం ఉన్న అన్నం పోగొట్టుకోలేము. నేను ఆ మాట ఎప్పుడో మరిచిపోయాను, నువ్వూ మరిచిపో. యజమాని గారు చెప్పినట్టు కార్పెట్ పరిచి, ఇచ్చింది తీసుకుని ఇంటికి రా. వారు మన మేలు కోరేవారు.

అరుణజ్యోతి


మడకశిర,
అదే రోజు

హరీ,

ఇది తోటకు పంపడం లేదు. ధర్మవరం షాపుకు పంపుతున్నాను, విప్పకుండా నీకోసం దాచమని నీ మరదలికి చెబుతున్నాను. నువ్వు ఇంటికి తిరిగి వస్తే చదువుతావు. తోటకు పంపింది అబద్ధపు ఉత్తరం. ఎందుకు పంపానో తెలియకుండా నా మీద కోపంతో నువ్వు ఉండకూడదని ఇది రాస్తున్నాను.

ఈ పొద్దున మా ఇంటి ముందు పెద్ద కారు ఆగింది. తెల్ల చొక్కా, మంచి మనిషిలా ఉన్నాడు. పండ్లు తెచ్చాడు. ఆ చొక్కా జేబులో నా పసుపు కవరు, కంచె దూకమని నీకు రాసింది. నా అక్షరాలు నేను గుర్తు పట్టలేనా? అది నీకు చేరలేదని, వచ్చినవాడు ఆ రాఘవేంద్రేనని అప్పుడే తెలిసింది.

నాకు వినపడదని ఆయనకు తెలియదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. నవ్వుతూనే మాట్లాడాడు. పెదవులు చూసి ముక్కలు పట్టుకున్నాను. "మీ తమ్ముడు" అన్నాడు. "క్షేమంగా" అన్నాడు. "ఒక్క ఆడమనిషివి" అన్నాడు. తర్వాత లేచి పురుగుల షెడ్డు వైపు తిరిగి ఏదో అన్నాడు, అది నాకు అందలేదు. నా వైపు తిరిగి జవాబు కోసం చూశాడు.

నేను చెవులు చూపించి, లోపలి నుంచి కాగితం, పెన్నూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. "వినపడదు. చెప్పింది రాయండి" అన్నాను.

పెన్ను పట్టుకున్నాడు. నా ముఖం చూశాడు. కాగితం చూశాడు. పెన్ను అక్కడే పెట్టేశాడు. ఒక్క అక్షరం రాయలేదు, హరీ. మంచి మాటైతే రాసేవాడు కదా?

ఆయన కళ్ళ ముందే ఆ కాగితం తీసుకుని నీకు ఉత్తరం రాశాను. మీ బావ దొంగ అని రాశాను. ఇన్నేళ్ళు అనుకున్నదేగా, అలవాటైన మాటే. ఆయన చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు, నాకు నమస్కారం పెట్టాడు. తన చేత్తోనే దాన్ని నీకు అందిస్తానన్నట్టు.

ఇప్పుడు బస్సుకు బయలుదేరుతున్నాను. నీ నిజమైన ఉత్తరం నా జాకెట్లో ఉంది. రామాంజులు శెట్టి దగ్గరికి పోతున్నాను. నా మొగుణ్ణి దొంగ అన్నవాడి గడప మళ్ళీ తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. తొక్కుతాను. ఆ కారు ఆయనది. పోయిందని చెప్పిన ఫిర్యాదు ఆయనది. ఆయన వచ్చి ఇది నా కారు అంటే ఆ గేటు తియ్యక తప్పదు.

నువ్వు ఈ ఉత్తరం చదవాలి.

అక్క


ముదిగుబ్బ,
ఆగస్టు మొదట్లో

అక్కా,

ఎస్సై నన్ను ఇక్కడే ఉండమన్నాడు, కారు గురించి ఇంకా రాయించుకోవాల్సింది ఉందట. నిన్ను అప్పుడే తేవద్దని శెట్టితో ఆయనే చెప్పాడట. అందుకని అంతా రాస్తున్నాను. షాపులో దాచిన ఉత్తరం నీ మరదలు తెచ్చి ఇచ్చింది, చదివాను.

రాఘవేంద్ర నీ అబద్ధపు ఉత్తరం తానే తెచ్చి నా చేతికిచ్చాడు. "మీ యక్క తెలివైంది" అన్నాడు. నేను నమ్మాను, అక్కా. నిన్ను తిట్టుకున్నాను. కారు తుక్కుకు పోయేదాకా నన్ను పంపడని అప్పటికి తెలిసింది. లారీకి ఫోన్ చెయ్యడం విన్నాను. తుక్కుకు పోయేదానికి కార్పెట్ ఎందుకు? లారీవాడు చూడకుండా. తారు మీద కొత్త కార్పెట్ పరిచాను, సొల్యూషన్ పూసి, బీడింగ్ పట్టీ కొట్టి, అంచులు నీటుగా మడిచి. నా జీవితంలో అంత మంచి పని చేయలేదు, అంత అసహ్యమైన పనీ చేయలేదు.

లారీ కన్నా ముందు జీపు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. రాఘవేంద్ర కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. "దొంగ బండి ఉండాదని సమాచారం" అన్నాడు ఎస్సై. శెట్టి కర్ర పట్టుకుని కొట్టంలోకి వచ్చాడు. ఎంత ముసలివాడయ్యాడో. డోర్ ప్యాడ్ మీద చెయ్యి పెట్టి, ఆ మెరూన్ దారం తడిమి, "ఇది నా మగ్గం పట్టు. నా కారే ఇది. అయ్యో మార్కండేయా, నిన్ను దొంగని రాయించినాను కదరా" అని బావను పేరు పెట్టి పిలుస్తూ పసిపిల్లవాడిలా ఏడ్చాడు. నేను కార్పెట్ చీల్చి తారూ ఉన్నీ చూపించాను.

రాఘవేంద్ర గట్టిగా మాట్లాడాడు. నాయనకు మాట లేదు, ఎవరో పెట్టి పోయుంటారు, సాక్షి ఎవరు అన్నాడు. అప్పుడు ఓబన్న ముందుకొచ్చాడు. "ఆయప్పకు నోరు పోయింది సామీ. నాకు ఉండాది. ఇన్నేళ్ళు ఉండి గూడా లేనట్ల బతికినా" అన్నాడు.

ఆ రాత్రి తోటలో ఉండి కళ్ళారా చూసిందీ, వాళ్ళ మాటల్లో విన్నదీ కలిపి ఓబన్న చెప్పింది ఇది. ఆ సాయంత్రం బాడుగకు పిలిచింది లక్ష్మీపతే. తాగి ఉన్నాడు. తానే తోలుతానని బావను పక్క సీటుకు జరిపాడు. మట్టి దారి మలుపులో గొర్రెలను తోలుకొస్తున్న కాపరిని గుద్దేశాడు. అతని పేరు తిప్పేస్వామి. ఇద్దరూ అతన్ని కంబళితో సహా వెనక సీటు కింద పడుకోబెట్టారు. బావ వెనక్కి పోయి అతని తల ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు ఆసుపత్రికి పోలేదు, తోటకు వచ్చింది. "ఇంకా ఊపిరుండాది, కదిరికి పోనీ" అని బావ అరుస్తూనే ఉన్నాడట. ఆ అరుపులు తాను ఇంకా వింటున్నానని ఓబన్న అన్నాడు. "నువ్వు తోలితివని ఒప్పుకో, నీ పెండ్లానికి ఇల్లు కట్టిస్తా" అన్నాడట లక్ష్మీపతి. బావ ఒప్పుకోలేదు. ముందు మనిషిని బతికించు అన్నాడు. దిగి వెళ్ళిపోతే ప్రాణం దక్కేది, అక్కా. దిగలేదు. లక్ష్మీపతి జాకీ రాడ్డుతో బావను వెనక నుంచి కొట్టాడు. అదే ఒళ్ళో తల ఉండగానే కాపరి కూడా తెల్లారేలోగా పోయాడు. బావి పూడ్చిన మట్టి ఓబన్నే తోలాడు.

జేసీబీ తెచ్చి తవ్వారు. ఇద్దరూ ఉన్నారు. అంతకన్నా రాయలేను. అది బావేనని తేల్చే పరీక్షకు నీ దగ్గరికి కాదు, బావ వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళి రక్తం తీసుకుంటారట.

తవ్వుతున్నంతసేపూ పెద్దాయన మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ఆ మూలుగు మాత్రం రాలేదు.

హరి


మడకశిర,
ఆగస్టు చివర

హరీ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. మీ బావ వెనక సీటులోకి పోయి ఆ కాపరి తల ఒళ్ళో పెట్టుకున్నాడన్న చోట ఆగిపోతాను. ముందుకు పోవడానికి ప్రతిసారీ ధైర్యం కూడదీసుకోవాలి.

నిన్ను బంధించినందుకు అరెస్టయిన రాఘవేంద్ర బెయిలు మీద వచ్చాడని శెట్టి మనిషిని పంపి చెప్పించాడు. మొన్న మా వీధి చివర తెల్ల కారు ఒకటి చాలాసేపు ఆగి ఉంది. ఆయనదో కాదో తెలియదు. గడియ పెట్టుకుని పడుకుంటున్నాను. ఎవరైనా తలుపు తట్టినా, విరగ్గొట్టినా నాకు వినపడదు. పక్కింటామె వచ్చి నా దగ్గర పడుకుంటోంది. నువ్వూ ఒంటరిగా తిరగొద్దు. కేసు ఎన్నేళ్ళు నడుస్తుందో, ఓబన్న కోర్టులో ఆ మాటే చెప్పేదాకా ఉంటాడో ఉండడో. భయం పోలేదు, హరీ. కానీ ఇన్నేళ్ళు ఉన్న సిగ్గు పోయింది.

నేను ఒక పని చేశాను. నీకు చెప్పకుండా చేశాను, వద్దంటావని. తిప్పేస్వామి ఊరికి వెళ్ళాను.

పోలీసులు ముందే వచ్చి చెప్పి పోయారట. ఆయన భార్య పేరు కదిరమ్మ. దొడ్డిలో గొర్రెపిల్లకు పాలు పట్టిస్తోంది. నేనెవరో చెప్పాను. లేవలేదు, కూర్చోమని నేల చూపించింది. ఆమె నెమ్మదిగా మాట్లాడింది, అందుకని పెదవులు అందాయి. ఆ కరువులో మగవాళ్ళంతా కూలికి బెంగళూరు పోతుంటే తన మొగుడు కూడా చెప్పకుండా పోయాడనుకుంది. గొర్రెలు మాత్రం వాటంతట అవే ఇంటికొచ్చాయట. గొర్రెలను దారిలో వదిలి పోయే మనిషి కాదే అని ఆ రోజు నుంచి అనుకుంటూనే ఉందట. ఎవరితో అన్నా, కరువుకు ఎవరైనా మారుతారులే అన్నారట.

పాలు అయిపోయి గొర్రెపిల్ల ఆమె వేళ్ళు చీకుతోంది.

అప్పుడు ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది, నేను సరిగా చూడాలని.

"ఆయప్ప సచ్చేటప్పుడు ఒక్కడే ఉండెనా?" అని అడిగింది.

"లేదమ్మా. మా ఆయన ఒళ్ళో తల ఉండింది" అన్నాను.

కదిరమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో, ఏమైనా అందో నాకు తెలియదు. చేతిలో ఉన్న గొర్రెపిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

అక్క